గుప్పెడు బియ్యం... గంగ ఒడ్డున చదువు

‘బీడీ చదువుతున్నానంటే మా ఊళ్లో పడీపడీ నవ్వేవాళ్లు సార్. కాల్చేదానికి మళ్లీ చదువెందుకురా... అని మా పెదనాన్న ఒకటే వేళాకోళం.’

ఆరు పెద్ద స్తంభాల నీడలో నిలబడి ఆ కుర్రాడు ఈ మాట చెబుతుంటే ఎదురుగా హుగ్లీ నది మెల్లగా పారుతోంది. అవతలి ఒడ్డున బరాక్‌పూర్. ఇవతల మేం నిలబడింది శ్రీరాంపూర్ కాలేజీ మెట్ల దగ్గర. బెంగాలీలు శ్రీరాంపూర్ అంటారు, ఇంగ్లిషు పుస్తకాల్లో సేరంపూర్ అని ఉంటుంది. ఇక బీడీ అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ. చర్చిలో అయ్యగారు కావాలనుకునేవాళ్లు చదివే డిగ్రీ. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చదివినా, ఈ పద్ధతిలో నడిచే సెమినరీల్లో చదివినవాళ్ల సర్టిఫికెట్ మీద ఉండే పేరు మాత్రం శ్రీరాంపూర్‌దే.

‘సర్టిఫికెట్ మీద చదివిన ఊరికి ఎం.టి.హెచ్. కోసం నిజంగా వస్తాననుకోలేదు’ అన్నాడు. ప్రకాశం జిల్లా కుర్రాడు. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. పేరు రాయొద్దన్నాడు. ఎందుకో తర్వాత అర్థమైంది.

నేను కోల్‌కతా వెళ్లింది పుస్తకాల పండగ చూడ్డానికి. ఒక రోజు ఖాళీ దొరికింది. ‘మనవాడొకడు అక్కడ చదువుతున్నాడు, కలువు’ అని మా ఆఫీసులో మిత్రుడు నంబరిచ్చాడు. హౌరా స్టేషన్లో బాండేల్ వెళ్లే లోకల్ ఎక్కితే లిలువా, బేలూర్, బాలి, ఉత్తర్‌పాడా, హింద్‌మోటార్, కొన్నగర్, రిష్రా... ఆ తర్వాత శ్రీరాంపూర్. ఇరవై కిలోమీటర్ల దూరం, ముప్పావుగంట ప్రయాణం. టికెట్ పది రూపాయల లోపే. ఆ కాస్త సేపట్లోనే పెట్టెలోకి వేరుసెనక్కాయలు, దువ్వెనలు, ఝాల్‌మూడీ, ఒక గుడ్డి గాయకుడు వచ్చి వెళ్లారు. హింద్‌మోటార్ అంటే అంబాసిడర్ కార్లు పుట్టిన చోటు. 2014లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. స్టేషన్‌కు పేరు మాత్రం మిగిలింది.

స్టేషన్ నుంచి రిక్షాలో పది నిమిషాలు. ఇరుకు సందులు, మిఠాయి దుకాణాలు, జనవరి కదా... ఎక్కడ చూసినా కొత్త ఖర్జూర బెల్లంతో చేసిన సందేశ్. సందు మలుపు తిరగ్గానే ఒక్కసారి నది. దాని ఒడ్డున ఈ భవంతి. ఇంత పెద్ద భవనాన్ని చూసి ‘డబ్బున్న కాలేజీ’ అనుకున్నాను. అదే మాట పైకి అనేశాను కూడా.

కుర్రాడు నవ్వాడు. ‘రెండొందల ఏళ్ల నుంచీ దీనికి డబ్బుల్లేవు సార్’ అన్నాడు.

చెప్పులు కుట్టిన చేతులు

1800 జనవరిలో విలియం కేరీ ఈ ఊరొచ్చాడు. ఇంగ్లండులో చెప్పులు కుట్టుకు బతికినవాడు. ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడిలో మిషనరీలను రానిచ్చేది కాదు. శ్రీరాంపూర్ అప్పుడు డెన్మార్క్ వాళ్ల చేతిలో ఉంది. ఊరి పేరు ఫ్రెడెరిక్స్‌నగర్. మన వైపు తరంగంబాడి ఉన్నట్టే ఇదీ ఓ డేనిష్ వర్తక స్థావరం. అక్కడి గవర్నరు వీళ్లకు ఆశ్రయమిచ్చాడు. కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్... ఈ ముగ్గురినీ కలిపి ‘శ్రీరాంపూర్ త్రయం’ అంటారు.

వీళ్ల సంపాదన సంగతి వింటే మన ఉమ్మడి కుటుంబాలు గుర్తొస్తాయి. కేరీ కలకత్తాలో ఫోర్ట్ విలియం కాలేజీలో బెంగాలీ, సంస్కృతం చెప్పేవాడు. జీతం పెరిగి పెరిగి నెలకు వెయ్యి రూపాయలైంది. ఆ రోజుల్లో వెయ్యి! అదంతా ఉమ్మడి పెట్టెలో పడాలి. అందులోంచి ఆయన ఇంటి ఖర్చుకు తీసుకున్నది నెలకు 40 రూపాయలు. గవర్నర్ జనరల్ ఇంటికీ కాలేజీకీ వెళ్లేటప్పుడు కాస్త మంచి బట్టలు వేసుకోవాలి కాబట్టి మరో 20 అదనం. మార్ష్‌మన్ భార్య హన్నా పెట్టిన బోర్డింగ్ స్కూలు ఆదాయం, వార్డ్ నడిపిన అచ్చుకూటం లాభం కూడా అదే పెట్టెలోకి. చివరికి వాల్మీకి రామాయణాన్ని ఇంగ్లిషులోకి అనువదించి, అందుకు ఆసియాటిక్ సొసైటీ, ఫోర్ట్ విలియం కాలేజీ ఇచ్చిన డబ్బు కూడా మిషను ఖర్చులకే వాడారు. రాముడి కథ బైబిలు అచ్చుకు తోడైందన్నమాట!

1812 మార్చి 11 సాయంత్రం అచ్చుకూటం తగలబడింది. నష్టం 70 వేల రూపాయలు. కాగితం, అచ్చు అక్షరాలు, రాతప్రతులు అన్నీ బూడిద. ఆ పోయినవాటిలో కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం ప్రతి కూడా ఉంది. అక్షరాలు పోతపోసే పంచ్‌లు మాత్రం శిథిలాల కింద బాగానే దొరికాయి. మళ్లీ పోతపోశారు, మళ్లీ రాశారు. 1814లో ఆ తెలుగు వ్యాకరణం అచ్చయింది. 1818లో తెలుగు కొత్త నిబంధన వచ్చింది. మన అక్షరాలు అచ్చయిన తొలి నాళ్లలో చాలావరకు సీసం కరిగింది మనకు వెయ్యి కిలోమీటర్ల అవతల, ఈ గంగ ఒడ్డునే.

ఆ 1818లోనే కాలేజీ మొదలైంది. తొలి ఏడాది విద్యార్థులు 37 మంది. అందులో సగానికి పైచిలుకు క్రైస్తవులు, మిగతావాళ్లలో ఎక్కువ మంది హిందువులు. కులం, రంగు, దేశం ఏదీ అడ్డు కాదన్నారు. సంస్కృతం చెప్పేవాళ్లు. కేరీ మొక్కల శాస్త్రం చెప్పేవాడు. స్కాట్లండు నుంచి వచ్చిన జాన్ మ్యాక్ రసాయనశాస్త్రం బోధించి, 1834లో ఆ శాస్త్రం మీద బెంగాలీలో పుస్తకమే రాశాడు. మతం చెప్పే బడిలో రసాయనశాస్త్రం ఎందుకని అప్పట్లో ఇంగ్లండులో చందాలిచ్చేవాళ్లకు బాగానే గుర్రుగా ఉండేది. డబ్బిచ్చేవాడు పాఠం కూడా తానే నిర్ణయించాలనుకోవడం కొత్త విషయమేం కాదు.

అందుకే భవనాన్ని చాలావరకు తమ సొంత డబ్బుతోనే కట్టుకున్నారు. గేట్లూ ఇనుప మెట్లూ డెన్మార్క్ రాజుగారి కానుకని చెబుతారు. 1827లో ఆ రాజే, ఆరో ఫ్రెడెరిక్, ఒక సనదు ఇచ్చాడు. కోపెన్‌హాగెన్, కీల్ విశ్వవిద్యాలయాలతో సమానంగా డిగ్రీలివ్వచ్చని. రాజముద్ర ఉంది, డిగ్రీలిచ్చే హక్కుంది. నడపడానికి డబ్బే లేదు!

1830లో కలకత్తాలో పామర్ కంపెనీ దివాలా తీసింది. తర్వాత అలెగ్జాండర్, మ్యాకింతోష్... అప్పటి ఏజెన్సీ హౌసులంటే మన దగ్గర చిట్‌ఫండ్ కంపెనీలూ బ్యాంకులూ కలిపినట్టు. వరసపెట్టి పడిపోయాయి. శ్రీరాంపూర్ వాళ్లు దాచుకున్న నిధులు వాటితోపాటు మునిగాయి. అదే 1830లో ఫోర్ట్ విలియం కాలేజీలో ప్రొఫెసర్ పదవులు తీసేశారు. కేరీకి జీతం బదులు అందులో సగం పెన్షన్. నాలుగేళ్లకు, 1834 జూన్ 9న ఆయన కన్నుమూశాడు. 1845లో డేన్స్ ఈ ఊరినీ తరంగంబాడినీ కలిపి పన్నెండున్నర లక్షలకు కంపెనీకి అమ్మేసి వెళ్లిపోయారు. కాలేజీ హక్కులు అలాగే ఉండాలని ఒప్పందంలో ఒక షరతు పెట్టారు. అదొక్కటే మేలు.

1883లో డిగ్రీ తరగతులు మూతపడ్డాయి. కేవలం బెంగాల్ బాప్టిస్టు చర్చిల కోసం పనివాళ్లను తయారుచేసే చిన్న శిక్షణ బడిగా మిగిలింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జార్జ్ హోవెల్స్ వచ్చి మళ్లీ లేపాడు. రాజుగారిచ్చిన సనదుతో తొలి బీడీ డిగ్రీలిచ్చింది ఎప్పుడో తెలుసా? 1915లో. అదీ ముగ్గురికి. సనదు వచ్చిన 88 ఏళ్లకు! ఆ తర్వాత 1918లో బెంగాల్ శాసనసభ ఒక చట్టం చేసింది. దాని కింద నడిచే సెనేట్‌కు ఇప్పుడు దేశంలో యాభైకి పైగా సెమినరీలు అనుబంధంగా ఉన్నాయి. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్‌కు మారిన ఆంధ్రా క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీ వాటిలో ఒకటి.

లూఓ, లూఏయిస్, లూఏయి...

ఇవాళ ఆవరణలో ఎక్కువమంది కలకత్తా యూనివర్సిటీ కింద బీఏ, బీఎస్సీ, బీకాం చదివే ఊరి పిల్లలే. హిందువులూ ముస్లింలూ క్రైస్తవులూ అందరూ ఉన్నారు. థియాలజీ విభాగం ఓ పక్కన చిన్నది. మిజో, నాగా, ఒడియా, తమిళ, బెంగాలీ... దేశమంతా ఒక్క భోజనాల బల్ల దగ్గర కనిపిస్తుంది. పొద్దున్నే ప్రార్థన, తర్వాత తరగతులు, మధ్యాహ్నం లైబ్రరీ, సాయంత్రం ఫుట్‌బాల్. ఫుట్‌బాల్‌లో మిజో కుర్రాళ్లను ఎవరూ ఆపలేరట. మనవాడు గోలీగా నిలబడతాడు. ‘అక్కడైతే పరుగెత్తక్కర్లేదు’.

గ్రీకు నేర్చుకునే తీరు చూస్తే నాకు మా సంస్కృతం మాస్టారు గుర్తొచ్చారు. మేం ‘రామః రామౌ రామాః’ అని ఊగినట్టే వీళ్లు ‘లూఓ, లూఏయిస్, లూఏయి’ అని ఊగుతారు. లూఓ అంటే విప్పుతాను. మొదటి ఏడాది బీడీ పిల్లలకు అదే శివధనుస్సు. మనవాడికి మాత్రం గ్రీకంటే ప్రాణం. టెన్తులో ఇంగ్లిషు రెండుసార్లు తప్పినవాడు ఇలా గ్రీకులో ఆరితేరడమేమిటని అడిగితే, ‘గ్రీకులో అందరం సున్నా నుంచే మొదలుపెడతాం కదా సార్. కాన్వెంటు పిల్లాడికీ నాకూ తేడా ఉండదు’ అన్నాడు. ఆలోచించాల్సిన మాటే.

అతని తల్లిదండ్రులు కూలీలు. మిరపకాయ కోతలకు గుంటూరు వైపు వెళ్తారు. మాలపల్లెలో ఒక గది ఇల్లు. క్రైస్తవంలో ఉన్న దళితులకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా లేదు. మన దగ్గర బీసీ-సీ కింద వస్తారు. అంటే ఎస్సీ పిల్లలకొచ్చే కేంద్ర స్కాలర్‌షిప్పులు వీళ్లకు రావు. పోనీ చర్చి ఇస్తుందా? చర్చిలో కూర్చునేది కూడా ఆ కూలీలే.

ఇంకో కాంపౌండు

హాస్టల్ వరండాలో టీ తాగుతూ అతను ఎక్కువసేపు మాట్లాడింది శ్రీరాంపూర్ గురించి కాదు. తను బీడీ చదివిన సెమినరీ గురించి. కోస్తాలో ఓ పాత మిషన్ కాంపౌండు. పేరు నేనూ రాయను.

తెల్లవాళ్లు కట్టిన బంగళా. మద్రాసు మిద్దె, వానొస్తే క్లాసురూములో బకెట్లు. వందేళ్లనాటి చింతచెట్లు. ఒకప్పుడు కుటుంబాలతో సహా వచ్చి చదువుకునేవాళ్లట. భర్తకు బైబిలు పాఠం, భార్యకు కుట్టుపనీ చదవడం రాయడం. 1960, 70ల్లో మిషనరీలు వరసగా వెళ్లిపోయారు. ఏటేటా వచ్చే డాలర్లు తగ్గుతూ తగ్గుతూ నిలిచిపోయాయి. విదేశీ విరాళాల చట్టం 1976లో వచ్చింది, 2010లో మారింది, 2020లో ఇంకా బిగిసింది. కాంపౌండు భూములు మాత్రం రోజురోజుకీ కోట్లవుతున్నాయి. అమ్మకూడదు, అమ్మితే కేసులు. అమ్మకపోతే జీతాల్లేవు. పాత మిషన్ ఆస్తుల చుట్టూ తిరిగే కోర్టు కేసుల సంగతి మన పాఠకులకు కొత్తేం కాదు.

అతను చేరినప్పుడు క్లాసులో పద్దెనిమిది మంది. పూర్తయ్యేసరికి పదకొండు. పొద్దున అయిదున్నరకు గంట. ఆ గంట ఒక రైలు పట్టా ముక్క. ప్రార్థన, తర్వాత ఉప్మానో చద్దన్నమో. మధ్యాహ్నం అన్నం, నీళ్ల సాంబారు. ‘సాంబార్లో ముక్క దొరికినవాడు ఆ రోజు ప్రార్థన చెయ్యాలి. అది మా రూలు’. గుడ్డు ఆదివారం మాత్రమే. అదీ ఆదివారం ఊళ్లకు వెళ్లకుండా హాస్టల్లో మిగిలిన వాళ్లకు.

ఊళ్లకు వెళ్లడమంటే పరిచర్య. శనివారం సాయంత్రం ఒక్కొక్కరూ ఒక్కో పల్లె చర్చికి. బస్సు ఛార్జీ కాలేజీ ఇవ్వాలి. ఇవ్వలేదు. కాబట్టి ఆటో వెనక వేలాడో, పాల వ్యాన్లోనో. ఆదివారం ఆరాధన, మధ్యాహ్నం ఎవరింట్లోనో కోడికూర. ఇరవై రెండేళ్ల పిల్లాణ్ని ఊరి ముసలమ్మలు ‘అయ్యగారూ’ అని పిలిచి కాళ్లకు నీళ్లిస్తే సిగ్గుతో చచ్చిపోయేవాడట. ‘మా అమ్మ కూడా అయ్యగారూ అంటుంది సార్. తిట్టేటప్పుడు మాత్రం ఒరేయ్’.

తిరిగొచ్చేటప్పుడు చేతిలో సంచి. అందులో గుప్పెడు బియ్యం.

ఈ గుప్పెడు బియ్యం సంగతి చెప్పాలి. ఆడవాళ్లు పొద్దున ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి విడిగా చిన్న కుండలో వేస్తారు. అది దేవుడి వంతు. ఆదివారం ఆ కుండ చర్చికొస్తుంది. దోర్నకల్‌లో బిషప్ అజరయ్య కాలం నుంచీ ఈ అలవాటు ఉంది. 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన ఆయన, పేదల చర్చి తన కాళ్ల మీద తను నిలబడాలని ‘క్రిస్టియన్ గివింగ్’ అని పుస్తకమే రాశారు. మేం మాట్లాడుకుంటుంటే పక్కనున్న మిజో కుర్రాడు అందుకున్నాడు. వాళ్ల కొండల్లోనూ ఇదే. ‘బుహ్‌ఫాయ్ థామ్’ అంటారట. 1910లో మొదలైంది. అక్కడ ఆ గుప్పెళ్లన్నీ కలిసి చర్చికి పెద్ద ఆదాయమే అవుతున్నాయి. మన కోస్తా కాంపౌండులో అవి హాస్టల్ పొయ్యి మీద మధ్యాహ్నం అన్నమయ్యేవి. పది ఊళ్ల బియ్యం... ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటి రేషను, ఒకటి పాతది. ‘ఒకే గిన్నెలో సగం మెతుకులు చిమిడిపోయేవి, సగం పలుగ్గా ఉండేవి. ఆ అన్నం ఇంకెక్కడా తినలేదు’ అన్నాడు. మెచ్చుకుంటున్నాడో తిడుతున్నాడో అతని గొంతును బట్టి చెప్పలేకపోయాను.

కోతల పండగ వస్తే ఇంకో తమాషా. పంటలో తొలి వంతు చర్చికి తెస్తారు. గుమ్మడికాయ, కొబ్బరికాయ, కోడిపుంజు, చీర. అన్నింటికీ వేలం. ఒక మునక్కాయల కట్ట వెయ్యి రూపాయలు పలికిందంటే నమ్ముతారా? కొన్నవాడు మళ్లీ చర్చికే ఇచ్చేస్తాడు, మళ్లీ వేలం. అలా నాలుగుసార్లు అమ్ముడైన ఓ పుంజును చివరికి సెమినరీ పిల్లలకిచ్చారట. దాన్ని కోయడానికి మనసొప్పక వారం రోజులు పెంచారు. ఎనిమిదో రోజు మనసొప్పింది.

వంటామె నోటుపుస్తకం

నవ్వుతూ చెబుతున్నవాడు వంటామె సంగతి వచ్చేసరికి నెమ్మదించాడు.

ఆమెకు ఏడెనిమిది నెలలు జీతం లేదు. అయినా రోజూ నాలుగున్నరకు వచ్చి పొయ్యి వెలిగించేది. మెస్ బాకీ ఉన్నవాళ్లను పరీక్షకు కూర్చోనివ్వమని ఆఫీసు నోటీసు పెట్టింది. ఆఫీసు మాత్రం ఏం చేస్తుంది, కరెంటు బిల్లు కట్టాలి కదా! ఇతనికి బాకీ ఉంది. తండ్రికి ఆ ఏడు కాలు విరిగింది. ఆఖరి పరీక్షలకు ముందు రోజు వంటామె ఆఫీసుకెళ్లి ‘ఆ పిల్లాడి బాకీ నా జీతంలో పట్టుకోండి’ అందట. ఇవ్వని జీతంలోంచి! గుమాస్తాకు ఏం రాయాలో తెలియక నవ్వాడట. మర్నాడు హాల్‌టికెట్ ఇచ్చేశాడు.

‘ఎంత బాకీ?’ అన్నాను.

‘రెండు వేలకు కాస్త తక్కువ. మూడేళ్లయింది. ఊళ్లో చర్చి చేశాను రెండేళ్లు, అప్పుడిచ్చేయాల్సింది. చెల్లి పెళ్లొచ్చింది.’

అంతవరకూ ‘సార్’ అంటున్నవాడు ఇక్కడ ‘అన్నా’లోకి దిగాడు. ‘అన్నా, ఒక సంగతి చెప్పనా? మీ పేపర్లో రాయొద్దు’ అని మొదలుపెట్టి, చివర్లో ‘సరే రాయండి, పేరు మాత్రం వద్దు’ అన్నాడు.

సంగతేమిటంటే... వచ్చే వేసవికి చదువైపోతుంది. హైదరాబాద్‌లో ఓ పెద్ద చర్చి రమ్మంటోంది. మైకులూ స్క్రీన్లూ ఏసీ హాలూ ఉన్న చర్చి. అసిస్టెంటు పాస్టరు పని, నెల తిరిగేసరికి జీతం, ఉండటానికి ఫ్లాటు. పాత సెమినరీ నుంచీ ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేశారు. గ్రీకు చెప్పేవాళ్లు లేరు, వచ్చెయ్యమని. పై డిగ్రీ ఉన్న మాస్టర్లు తగ్గిపోతే బీడీ కోర్సు నిలవడం కష్టమట. కొత్త బ్యాచ్‌లో తొమ్మిది మందే ఉన్నారు. జీతం? ‘దేవుడు చూసుకుంటాడు’ అన్నారట ప్రిన్సిపాల్ గారు.

‘ఆ మాట నేనే ఊళ్లల్లో వందసార్లు చెప్పానన్నా. నాకు ఎవరైనా చెబుతుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.’

నాకేం చెప్పాలో తోచలేదు. చెల్లి పెళ్లి అప్పు ఇంకా లక్షన్నర ఉంది. తండ్రి కాలు ఇప్పటికీ సరిగా లేదు. ఏసీ హాలుకు వెళ్లేవాణ్ని తప్పుపట్టడానికి ఎవరికీ హక్కు లేదు. నెలనెలా జీతం తీసుకునే నాలాంటివాడికి అసలే లేదు.

సాయంత్రం ఊరు చూద్దామని నడిచాం. 1806లో కట్టిన డేనిష్ చర్చి, సెయింట్ ఓలావ్స్. పాడుపడి పెచ్చులూడుతుంటే డెన్మార్క్ మ్యూజియం వాళ్ల సాయంతో బాగుచేశారు. 2016లో యునెస్కో అవార్డు వచ్చింది. నది ఒడ్డున పాత డెన్మార్క్ టావెర్న్‌ను కూడా అలాగే నిలబెట్టి 2018లో మళ్లీ తెరిచారు. ఊరికి మరో కొసన మాహేశ్ జగన్నాథుడి రథం. పద్నాలుగో శతాబ్దం నుంచీ లాగుతున్నారని అక్కడివాళ్లు గర్వంగా చెబుతారు. కేరీ సమాధి శ్మశానంలో చాలా సాదాగా ఉంది. కుర్రాడు అక్కడ ప్రార్థనేం చేయలేదు. రాలిన ఆకులు చేత్తో తీసి పక్కన పడేశాడు.

స్టేషన్లో రైలొచ్చే ముందు జేబులోంచి ఓ కవరు తీశాడు. లైబ్రరీలో పనిచేస్తే వచ్చిన డబ్బు, రెండు వేలు. ‘మీరు ఎలాగూ ఒంగోలు దాటి వెళ్తారు కదన్నా. ఆమెకు ఫోన్‌పే లేదు, బటన్ల ఫోను. ఆఫీసుకు పంపితే కరెంటు బిల్లుకు పోతుంది. ఆమె చేతికే ఇవ్వాలి.’

పప్పులోకి గోంగూర

వెళ్లాను. సెలవు పెట్టి మరీ వెళ్లాల్సి వచ్చింది. మా ఎడిటర్ గారికి ఈ ముక్క ఇప్పుడే తెలుస్తుంది.

చింతచెట్లు అతను చెప్పినట్టే ఉన్నాయి. రైలు పట్టా గంటా ఉంది. బంగళా పైకప్పు మీద నీలం టార్పాలిన్ కప్పారు. ఓ గదిలోంచి ‘లూఓ, లూఏయిస్’ వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించాను. ఏమీ వినిపించలేదు. తొమ్మిది మందిలో ఇద్దరు చెట్టు కింద బట్టలారేస్తున్నారు. ఒకడు కటింగు చేస్తుంటే ఇంకొకడు తలవంచుకుని కూర్చున్నాడు. మంగలి ఖర్చు మిగులు.

వంటామెకు అరవై దాటి ఉంటాయి. కవరిచ్చి పేరు చెప్పగానే లోపలికెళ్లి పిండి డబ్బా వెనక నుంచి జిడ్డు పట్టిన నోటుపుస్తకం తెచ్చింది. చదువు రాదు. బట్టలారేస్తున్న పిల్లాణ్ని పిలిచి చదివించింది. అతని పేరు ఎదురుగా పద్దెనిమిది వందల యాభై. డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి, మూడు యాభైలు నా చేతిలో పెట్టింది. ‘ఎక్కువ పంపాడు. ఇచ్చెయ్యండి బాబూ.’ ఉంచుకోమన్నాను. వినలేదు. ‘బాకీ బాకీయే. ఆ పిల్లాడికి అక్కడ టీలకు ఉంటాయి.’

పిల్లాడి చేత గీత కొట్టించింది. ఆ పేజీలో ఇంకా ఏడెనిమిది పేర్లు గీత పడకుండా ఉన్నాయి.

‘వస్తాడంటనా?’ అంది, పొయ్యి దగ్గరికి తిరుగుతూ. తెలియదన్నాను. ఇంకేం అడగలేదు. ‘అన్నం తినివెళ్లండి’ అంది.

తిన్నాను. బియ్యం సగం చిమిడింది, సగం పలుగ్గా ఉంది.

బస్టాండులో కూర్చుని ఆ నూట యాభై ఫోన్లోనే అతనికి పంపేశాను. నిమిషంలో మెసేజీ వచ్చింది. ‘అన్నా, ఇవాళ ఏం వండింది?’

గోంగూర పప్పు అని రాశాను.